మధుపర్కాల తెలుపు కాలిపోకుండా పెళ్లి ఫోటో తీయడం ఎలా?

పెళ్లి ఫోటోల్లో తెలుపు ఎలా పోతుందో చూడాలంటే ఏదైనా ఆల్బమ్‌లో మాంగళ్యధారణ పేజీ తెరిస్తే చాలు. మధుపర్కాల ఎర్రంచు స్పష్టంగా కనిపిస్తుంది, ఆ అంచు దాటి పైకి వెళ్తే బట్ట ఉండవలసిన చోట ఉత్త కాగితం ఉంటుంది. నేత లేదు, ఇస్త్రీ మడత లేదు, అంటిన పసుపు మరక కూడా లేదు. నేను పెళ్లిళ్లు తీయడం మొదలుపెట్టిన కొత్తలో అప్పగించిన ఒక ఆల్బమ్‌లో సరిగ్గా ఇదే జరిగింది. ఉదయం తొమ్మిది దాటాక ముహూర్తం. పందిరికి తూర్పు వైపు కట్టిన గుడ్డను గాలి రావడం లేదని ఎవరో పైకి చుట్టేశారు. ఏటవాలు ఎండ వచ్చి పెళ్లికూతురి ఒడి మీద పడింది. నేను ఆమె ముఖాన్ని మాత్రమే చూసి ఎక్స్‌పోజర్ పెట్టాను. ఆల్బమ్ తిరగేస్తూ ఆమె అమ్మమ్మగారు అడిగిన మాట ఇప్పటికీ గుర్తుంది: "బాబూ, ఇది బట్టేనా, కాగితం అతికించావా?" అవి జేపెగ్‌లో తీసిన ఫైళ్లు కావడంతో, తరువాత కంప్యూటర్‌లో ఎంత కిందికి దించినా తెలుపు కాస్తా బూడిద రంగుకు మారిందే తప్ప ఒక్క నూలుపోగు కూడా తిరిగి రాలేదు.

ఈ వ్యాసంలో మధుపర్కాన్ని ఉదాహరణగా తీసుకున్నాను గానీ, ఇదే పద్ధతి మల్లెపూల జడకు, పాలరాతి గుడికి, చెరువులో నిలబడ్డ కొంగకు కూడా పనికొస్తుంది. మాన్యువల్ మోడ్‌లో షట్టర్, అపెర్చర్, ఐఎస్ఓ మార్చడం మీకు తెలుసనే అనుకుంటున్నాను.

కెమెరా లోపల జరిగేది

సెన్సర్ మీద కోట్లాది చిన్న చిన్న గడులు ఉంటాయి. వెలుతురు పడేకొద్దీ ఒక్కో గడి విద్యుదావేశాన్ని కూడబెట్టుకుంటుంది. అంచు దాకా నిండిన కుంచంలో ఇంకా గింజలు పోస్తే పక్కకు జారిపోయినట్టే, గడి నిండిన తరువాత వచ్చిన వెలుతురుకు లెక్క ఉండదు. నూలుపోగు మీద నుంచి వచ్చిన వెలుతురు, పోగుల నడుమ సందులో నుంచి వచ్చిన వెలుతురు వేర్వేరు మోతాదులే అయినా, రెండు గడులూ నిండిపోయాక ఫైలులో రెండింటికీ ఒకే అంకె పడుతుంది. మనం నేత అని చూసేది ఆ తేడానే కాబట్టి, తేడా చెరిగితే నేత చెరిగినట్టే. నీడ వైపు పరిస్థితి ఇంత కఠినంగా ఉండదు. చీకటి భాగంలో సమాచారం బలహీనంగా, నాయిస్‌తో గరుకుగా ఉన్నప్పటికీ ఎంతో కొంత మిగిలే ఉంటుంది, దాన్ని తరువాత పైకి లేపుకోవచ్చు.

నెగెటివ్ ఫిల్మ్ మీద పని నేర్చుకున్న పెద్దలకు ఇది తలకిందుల వ్యవహారంగా అనిపిస్తుంది. ఆ ఫిల్మ్ ఎక్కువైన వెలుతురును ఓర్చుకునేది, తక్కువైతేనే మొరాయించేది; కాబట్టి అనుమానం వస్తే ఒక స్టాప్ (అంటే రెట్టింపు వెలుతురు) ఎక్కువే ఇవ్వమని శిష్యులకు చెప్పేవారు. స్లైడ్ ఫిల్మ్ వాడినవారికి మాత్రం డిజిటల్ తీరు కొత్తేమీ కాదు. అక్కడ కూడా ఎక్కువైతే పోయినట్టే.

ఇంకో సంగతి కూడా తెలుసుకోవాలి. సెన్సర్ వెలుతురును సరళంగా, అంటే ఎంత పడితే అంతే లెక్కన నమోదు చేస్తుంది. 14 బిట్ల రా (RAW) ఫైలులో, అంటే సెన్సర్ నమోదు చేసిన అంకెలను మార్చకుండా దాచే ఫైలులో, మొత్తం 16,384 మెట్లు ఉంటే, అందులో సగం, అంటే 8,192 మెట్లు, అన్నిటికన్నా ప్రకాశవంతమైన ఒక్క స్టాప్‌కే దక్కుతాయి. తెల్లబట్ట సాధారణంగా ఆ పై స్టాప్‌లోనో, దాని కింది దానిలోనో పడుతుంది. అంటే కాలిపోకుండా జాగ్రత్తపడితే, ఫైలులో అన్నిటికన్నా మేలైన సమాచారం తెల్లబట్టదే అవుతుంది. అదే దృశ్యాన్ని 8 బిట్ల జేపెగ్‌గా దాస్తే రంగుకు 256 మెట్లే మిగులుతాయి, పైగా పై భాగాన్ని కెమెరా తన కాంట్రాస్ట్ వంపుతో ముందే నొక్కేసి ఉంటుంది.

మొదటి పని: ముందు రోజే కెమెరాను సిద్ధం చేయండి

ఫైలు రకాన్ని రాకు మార్చండి. వెంటనే వాట్సాప్‌లో పంపవలసి వస్తుందనుకుంటే రా, జేపెగ్ రెండూ పెట్టుకోండి, కార్డులు ఎక్కువ తీసుకెళ్లండి. రా తీస్తున్నా కెమెరా తెర మీద కనిపించే బొమ్మ, హిస్టోగ్రామ్ (ఎడమన చీకటి నుంచి కుడిన వెలుగు దాకా బొమ్మలో ఏది ఎంత ఉందో చూపే గ్రాఫ్), కాలిన చోట మిణుకుమిణుకుమనే హెచ్చరిక, ఈ మూడూ కెమెరా లోపల తయారైన జేపెగ్ నుంచి వచ్చేవే అన్న సంగతి చాలామంది పట్టించుకోరు. పిక్చర్ స్టైల్ వివిడ్‌లోనో స్టాండర్డ్‌లోనో ఉంటే ఆ జేపెగ్‌లో తెలుపు తొందరగా కాలినట్టు కనిపిస్తుంది, మీరు అనవసరంగా భయపడి ఎక్స్‌పోజర్ తగ్గిస్తారు, ముఖాలు చీకటవుతాయి. అందుకే పిక్చర్ స్టైల్‌ను న్యూట్రల్‌కో ఫ్లాట్‌కో మార్చి, కాంట్రాస్ట్‌ను తగ్గించండి. తెర మీద బొమ్మ చప్పగా ఉంటుంది, కానీ నిజానికి దగ్గరగా ఉంటుంది.

ప్లేబ్యాక్ మెనూలోకి వెళ్లి ఆ మిణుకు హెచ్చరికను, అంటే హైలైట్ (బాగా వెలుగున్న భాగం) హెచ్చరికను, ఆన్ చేయండి. హిస్టోగ్రామ్‌ను ఒకే తెల్లటి గ్రాఫ్‌గా కాకుండా ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు చానెళ్లూ విడివిడిగా కనిపించేలా పెట్టుకోండి. దాని అవసరం కాసేపట్లో తెలుస్తుంది. సోనీ మిర్రర్‌లెస్ కెమెరాల్లో జీబ్రా గీతలు ఉంటాయి. ఫోటో తీయకముందే కాలబోయే చోట చారలు వస్తాయి కాబట్టి పెళ్లి వంటి తొందరపాటు పనిలో హిస్టోగ్రామ్ కన్నా అవే ఎక్కువ ఉపయోగం.

ఐఎస్ఓను కెమెరా అసలు పరిధి కన్నా కిందికి, అంటే 50 లేదా "లో" (Lo) అని రాసి ఉన్న చోటికి, ఎప్పుడూ దించకండి. అక్కడ సెన్సర్ సామర్థ్యం ఏమీ పెరగదు. 100 దగ్గర తీసిన దాన్నే ఒక స్టాప్ ఎక్కువ ఎక్స్‌పోజ్ చేసి, తరువాత లెక్కలో తగ్గించి చూపిస్తుంది. పైన ఉండవలసిన ఒక స్టాప్ చోటు అలా పోతుంది.

కెనాన్‌లో హైలైట్ టోన్ ప్రయారిటీ, నికాన్‌లో యాక్టివ్ డీ-లైటింగ్, ఫుజీఫిల్మ్‌లో డీఆర్200, డీఆర్400 వంటి సహాయకాలు జేపెగ్ తీసేవారికి చాలా మేలు చేస్తాయి. ఫుజీఫిల్మ్ డీఆర్400 రెండు స్టాపులు తక్కువ ఎక్స్‌పోజ్ చేసి నడిమి టోన్లను పైకి లేపుతుంది. కెనాన్ పద్ధతిలో ఐఎస్ఓ 200 నుంచే మొదలవుతుంది. రా తీసే మీరు ఇదే పనిని తరువాత చేత్తో, బొమ్మ బొమ్మకూ తగినట్టు చేసుకోగలరు కాబట్టి వీటిని ఆపేసి ఉంచండి. లేకుంటే తెర మీద చూసేదానికీ ఫైలులో ఉన్నదానికీ మధ్య ఇంకో తెర పడుతుంది.

రెండో పని: మీ కెమెరా అంకె కనుక్కోండి

ఈ ఒక్క పని చేసినవారికి మిగతా వ్యాసం సగం అవసరం ఉండదు. ఖర్చు లేదు, అరగంట పడుతుంది.

ఇంట్లో ఉన్న తెల్ల నూలు పంచె ఒకటి తీసుకుని నడి ఎండలో దండెం మీద పరచండి. నేత కనిపించే బట్ట కావాలి, నున్నటి పాలిస్టర్ వద్దు. కెమెరాను మాన్యువల్‌లో పెట్టి, ఐఎస్ఓ 100, అపెర్చర్ ఎఫ్ 5.6 చేసి, మీటరింగ్‌ను స్పాట్‌కు మార్చండి. మధ్య గుండ్రం బట్ట మీదే పడేలా చూసి మీటర్ ముల్లు సున్నా దగ్గరికి వచ్చేదాకా షట్టర్ తిప్పండి. అది 1/4000 దగ్గర ఆగిందనుకుందాం. ఆ లెక్కన తీసిన ఫోటోలో పంచె బూడిద రంగులో ఉంటుంది, ఎందుకంటే ముందున్నది తెలుపో నలుపో మీటర్‌కు తెలియదు. పడిన వెలుతురులో సుమారు 18 శాతాన్ని తిప్పికొట్టే నడిమి బూడిద రంగేనని అది అనుకుంటుంది. ఉతికిన తెల్లబట్ట 80, 90 శాతం దాకా తిప్పికొడుతుంది. ఆ తేడా రెండు స్టాపుల పైచిలుకు.

ఇప్పుడు షట్టర్‌ను నెమ్మది చేస్తూ వరుసగా తీయండి: 1/2000, 1/1000, ఆ తరువాత మూడో వంతు చొప్పున 1/800, 1/640, 1/500, 1/400, 1/320, 1/250. ఇందులో 1/1000 అంటే మీటర్ చెప్పినదానికి రెండు స్టాపులు ఎక్కువ, 1/500 అంటే మూడు, 1/250 అంటే నాలుగు. ఫైళ్లను కంప్యూటర్‌లో వేసుకుని, వంద శాతం జూమ్‌లో, ఒక్కో రా ఫైలు ఎక్స్‌పోజర్‌ను కిందికి దించుతూ చూడండి. ఏదో ఒక ఫైలు దగ్గర పోగులు అతుక్కుపోయి సున్నం పూసినట్టు అవుతుంది. దాని ముందు ఫైలు మీ కెమెరా ఓర్చుకునే హద్దు. చాలా కెమెరాల్లో ఇది రాకు మూడు స్టాపుల చుట్టుపక్కల, జేపెగ్‌కు రెండున్నర లోపు వస్తుంది, కానీ వేరేవాళ్ల అంకె మీకు పనికిరాదు. రా ఫైలు అసలు అంకెలను, కెమెరా కల్పించిన జేపెగ్‌తో సంబంధం లేకుండా చూపించే రాడిగ్గర్ వంటి సాఫ్ట్‌వేర్ ఉంటే తీర్పు ఇంకా ఖచ్చితంగా తేలుతుంది.

వచ్చిన అంకెలో నుంచి మూడింట రెండు వంతుల స్టాప్ తీసేయండి. హద్దు మూడు అయితే మీరు పని చేయవలసిన అంకె రెండూ మూడో వంతు. నేను దీన్ని చిన్న టేపు ముక్క మీద రాసి కెమెరా అడుగున అంటించుకున్నాను. హిస్టోగ్రామ్‌ను కుడి గోడకు ఆనేదాకా తోసి ప్రతి మెట్టునూ వాడుకోవాలనే వాదన ఒకటి ఉంది. కదలని ప్రకృతి దృశ్యానికి, ట్రైపాడ్ మీద, ఆ వాదన సరైనదే. పెళ్లిలో పంతులుగారు మీ కోసం రెండోసారి మాంగల్యం కట్టించరు కాబట్టి, ఆ కొద్దిపాటి నాయిస్‌కు ఒప్పుకుని కాస్త చోటు వదిలేయడమే తెలివైన పని అని నా అభిప్రాయం.

మూడో పని: ఏ తెలుపు నిలవాలో తేల్చుకోండి

పందిరిలో తెల్లగా మెరిసేవి చాలా ఉంటాయి. అన్నిటినీ కాపాడాలని చూస్తే పెళ్లికూతురి ముఖం చీకట్లో మునుగుతుంది. మధుపర్కాలు, పూలజడ, పెద్దల పంచెలు, పెళ్లికొడుకు నుదుటి బాసికం, ఇవి వస్తువులు, వాటికి ఒక పోత, ఒక అల్లిక ఉంది, అవి కనిపించాలి. పందిరి బయట ఎండలో తెల్లబడిన ఆకాశం, మండపం అలంకరణలో వెలిగే బల్బులు, దీపపు ఒత్తి నడిమి భాగం పోతే ఎవరూ అడగరు. కాసులపేరు మీద, వడ్డాణం రాళ్ల మీద తళుక్కుమనే చుక్క అయితే పోయి తీరాలి. ఆ చుక్కను కూడా అణిచివేస్తే బంగారం ఇత్తడిలా కనిపిస్తుంది. హైలైట్ హెచ్చరిక మిణుకుమన్నప్పుడు అది ఎంత మేర మిణుకుతోంది అన్నదాని కన్నా, దేని మీద మిణుకుతోంది అన్నది ముందు చూడండి.

హైలైట్-వెయిటెడ్ మీటరింగ్ అనే సౌకర్యం ఈ తేడా తెలియకపోవడం వల్లే ఇక్కడ తడబడుతుంది. 2014లో నికాన్ డీ810తో వచ్చిన ఈ మీటరింగ్ ఫ్రేములో ఎక్కువ ప్రకాశవంతమైన భాగాన్ని వెతికి, అది కాలిపోకుండా ఎక్స్‌పోజర్ పెడుతుంది. చీకటి వేదిక మీద ఒక్క దీపం కింద నిలబడ్డ నర్తకిని తీయడానికి అద్భుతంగా పనిచేస్తుంది. వెనక వంద బల్బులున్న కల్యాణ మండపంలో మాత్రం ఆ బల్బులనే కాపాడుతూ కూర్చుంటుంది.

నాలుగో పని: ముహూర్తానికి ముందే కొలిచి ఉంచండి

వధూవరులు మధుపర్కాలు కట్టుకుని పీటల మీదికి రాగానే, పంతులుగారు మంత్రాలు చదువుతుండగా మీకు కొన్ని నిమిషాలు దొరుకుతాయి. స్పాట్ మీటర్‌ను బట్ట మీద ఎండ గానీ వీడియో లైటు గానీ ఎక్కువగా పడే చోట, సాధారణంగా భుజం మీదో మోకాలి మీదో, పెట్టి చూడండి. ఐఎస్ఓ 100, ఎఫ్ 5.6 దగ్గర మీటర్ 1/2000 అని చెబితే, మీ టేపు మీది అంకె రెండూ మూడో వంతు అయితే, 1/400 పెట్టండి. ఒక్క ఫోటో తీసి హెచ్చరిక చూడండి. బట్ట మీద మిణుకు లేకపోతే ఆ అంకెలను కదపకండి.

ఇక్కడ మీకు గుండె దడ పుట్టించే విషయం ముఖం. మన వైపు చామనఛాయ ముఖం నడిమి బూడిద రంగుకు దగ్గరగానో, కొంచెం కిందనో ఉంటుంది. బట్టా ముఖమూ ఒకే వెలుతురులో ఉంటే వాటి మధ్య తేడా రెండున్నర, మూడు స్టాపులు. దాన్ని కెమెరా సునాయాసంగా పట్టుకుంటుంది. బట్ట ఎండలోనూ ముఖం పందిరి నీడలోనూ ఉన్నప్పుడే తేడా అయిదారు స్టాపులకు పోతుంది, తెర మీద ముఖం మబ్బుపట్టినట్టు ఉంటుంది. నేటి కెమెరాల్లో ఐఎస్ఓ 100 దగ్గర తీసిన రా ఫైలులో ముఖాన్ని రెండు స్టాపులు లేపినా పెద్దగా చెడదు. అదే ఐఎస్ఓ 3200 దగ్గర అయితే అంత ఓపిక ఉండదు. ఐఎస్ఓ రెట్టింపు చేసిన ప్రతిసారీ పైన ఓర్చుకునే వెలుతురు సగానికి పడిపోతుంది కాబట్టి, రాత్రి ముహూర్తాల్లో ఐఎస్ఓ పెంచడం కన్నా ముందు లెన్స్ తెరవడం, షట్టర్ తగ్గించడం గురించి ఆలోచించండి.

మాన్యువల్‌లో ఉంటూ ఆటో ఐఎస్ఓ ఆన్‌లో మర్చిపోవడం అందరూ కనీసం ఒకసారి చేసే తప్పు. మీరు షట్టర్, అపెర్చర్ ఎంత జాగ్రత్తగా కట్టేసినా, నల్లకోటు వేసుకున్న బావమరిది ఫ్రేములోకి అడ్డం వచ్చిన క్షణంలో కెమెరా ఐఎస్ఓను పెంచేస్తుంది, వెనక మధుపర్కం సున్నమవుతుంది.

రంగు కాలిపోవడం అనేది వేరే జబ్బు

తెలుపు కాలితే కంటికి తెలుస్తుంది. రంగు కాలితే చాలాసేపటి దాకా తెలియదు, ఆల్బమ్‌లోనే బయటపడుతుంది. మధుపర్కం ఎర్రంచులో జరీ, నేత కలిసిపోయి ఎర్ర రిబ్బను అంటించినట్టు ఉండటం, బంతిపూల దండలో రేకులు విడిగా కనిపించకుండా నారింజ ముద్దగా మారడం, పసుపు రాసిన పాదాలు ప్లాస్టిక్‌లా కనిపించడం, ఇవన్నీ ఎరుపు చానెల్ ఒక్కటే నిండిపోవడం వల్ల వచ్చేవి. ఒకే తెల్లటి గ్రాఫ్‌గా కనిపించే వెలుగు హిస్టోగ్రామ్ ఎక్కువ బరువును ఆకుపచ్చకే ఇస్తుంది, ఎరుపుకు సుమారు మూడో వంతు లోపే, నీలానికి ఇంకా తక్కువ. అందువల్ల ఎరుపు పూర్తిగా గోడను గుద్దుకున్నా ఆ గ్రాఫ్ మధ్యలో హాయిగా కూర్చుని ఉంటుంది. మూడు చానెళ్ల హిస్టోగ్రామ్ పెట్టుకోమన్నది అందుకే.

పసుపు రంగు బల్బుల వెలుతురులో ఈ సమస్య ముదురుతుంది, ఆ వెలుతురులో ఎరుపు పాలు సహజంగానే ఎక్కువ. వైట్ బ్యాలెన్స్‌ను ఆ బల్బులకు తగ్గట్టు సరిచేశాక ఎరుపు గ్రాఫ్ వెనక్కి తగ్గితే కంగారు లేదు. సరిచేశాక కూడా గోడకే ఆని ఉంటే మూడింట రెండు వంతుల స్టాప్ తగ్గించండి. రిసెప్షన్ వేదికల మీద వాడే ఊదా, నీలం ఎల్ఈడీల కింద నీలం చానెల్ ఇదే పని చేస్తుంది. ముఖం మీద పోత పోయి ఊదా అట్ట ముక్కలా అవుతుంది. అలాంటి చోట ఎక్స్‌పోజర్ తగ్గించినా కొంతవరకే లాభం. ఆ లైట్లను ముఖాల మీద నుంచి వెనక తెర మీదికి తిప్పమని డెకరేషన్ వాళ్లను మర్యాదగా అడగడమే అసలు పరిష్కారం.

అయిదో పని: ఫ్లాష్‌నూ వీడియో లైటునూ అదుపులో పెట్టండి

జీలకర్ర-బెల్లం పెట్టే ముందు వీడియో తీసే అన్నతో ఒక మాట మాట్లాడండి. మాంగళ్యధారణ క్షణంలో వాళ్లు ఇంకో లైటు వెలిగించే అలవాటు ఉంటే, దాన్ని ముందే వెలిగించి ఉంచమని, లేదా దగ్గరికి తీసుకురావద్దని చెప్పండి. అడుగు దూరం తేడా అనిపించేది మీ లెక్కలో స్టాప్ అవుతుంది. వెలుతురు దూరం వర్గానికి విలోమంగా మారుతుంది కాబట్టి, రెండు మీటర్ల దూరాన ఉన్న లైటు ఒక మీటరుకు వస్తే బట్ట మీద వెలుతురు నాలుగింతలు, అంటే రెండు స్టాపులు పెరుగుతుంది. మీరు వదిలిన మూడింట రెండు వంతుల స్టాప్ చోటు దానికి ఏ మూలకూ చాలదు.

మీ ఫ్లాష్‌కూ ఇదే సూత్రం. వధూవరులకు సరిపడా ఫ్లాష్ ఇచ్చినప్పుడు, మీకూ వాళ్లకూ మధ్య సగం దూరంలో కూర్చున్న మేనమామగారి తెల్ల లాల్చీ రెండు స్టాపులు ఎక్కువ తింటుంది. తలంబ్రాలు పోసేటప్పుడు లెన్స్ దగ్గరగా ఎగిరిన గింజలు తెల్ల గుండ్లయ్యేదీ ఇందుకే. ఫ్లాష్‌ను నేరుగా కొట్టకుండా తెల్లటి పైకప్పుకో గోడకో తిప్పితే వెలుతురు వచ్చే దూరం పెరిగి, ముందున్నవారికీ వెనకున్నవారికీ తేడా తగ్గుతుంది. షామియానా రంగు గుడ్డకు మాత్రం తిప్పకండి, ఆ రంగంతా పెళ్లికూతురి మీద పడుతుంది.

ఎండలో ఫ్లాష్ వాడితే ఇంకో చిక్కు ఉంది. సాధారణ ఫ్లాష్ సింక్, అంటే ఫ్లాష్‌తో కుదిరే అత్యంత వేగమైన షట్టర్, 1/200 లేదా 1/250 దగ్గర ఆగిపోతుంది. పైన మనం తేల్చుకున్న 1/400 అక్కడ కుదరదు, కెమెరా తనంతట తాను షట్టర్‌ను కిందికి లాగితే బట్ట కాలుతుంది. హై-స్పీడ్ సింక్ ఆన్ చేయండి, లేదా అపెర్చర్‌ను ఎఫ్ 8కి మూసి షట్టర్‌ను 1/200కు తెచ్చుకోండి. ఫ్లాష్ పని ముఖం మీది నీడను ఒక స్టాప్ లేపడం వరకే, కాబట్టి ఫ్లాష్ కాంపెన్సేషన్‌ను మైనస్ ఒకటి దగ్గర మొదలుపెట్టండి.

ఇన్ని చేసే ముందు పందిరి చుట్టూ ఒకసారి నడవండి. నా మొదటి ఉదాహరణలో నేను చేయవలసిన పని కెమెరాలో లేదు, పైకి చుట్టిన గుడ్డను మళ్లీ దించమని ఇంటివారికి చెప్పడమే. తెల్ల గుడ్డ దించితే ఎండ అందులోంచి వడకట్టినట్టు మెత్తగా వస్తుంది. మధుపర్కం మీద మడతలు కనిపిస్తాయి, ముఖానికీ బట్టకూ తేడా తగ్గుతుంది.

కదలని దృశ్యాలకు ఇంకో దారి ఉంది. ఖాళీ మండపాన్నో, తెల్లవారుజామున గుడి గోపురాన్నో తీసేటప్పుడు కెమెరాను ట్రైపాడ్ మీద పెట్టి, రెండేసి స్టాపుల తేడాతో మూడు ఫోటోలు తీసి తరువాత కలుపుకోవచ్చు. ఇది డిజిటల్ కనిపెట్టిన విద్య కాదు. 1850లలో ఫ్రాన్స్‌లో గుస్తావ్ లె గ్రే సముద్రానికి ఒకటి, ఆకాశానికి ఒకటి వేర్వేరు నెగెటివ్‌లు తీసి ఒకే కాగితం మీద ముద్రించాడు. ఆ కాలపు గాజు పలకలు నీలి వెలుతురుకే ఎక్కువగా స్పందించేవి, దాంతో ఆకాశం ఎప్పుడూ కాలిపోయేది. మనుషులు కదిలే చోట ఈ పద్ధతి జోలికి పోవద్దు. మాంగల్యం కట్టే చేతులు మూడేసి కనిపిస్తాయి.

ఆరో పని: కంప్యూటర్ ముందు తొందరపడకండి

లైట్‌రూమ్‌లో ఫైలు తెరిచాక డెవలప్ విభాగంలో జే నొక్కితే కాలిన చోట ఎర్రగా కనిపిస్తుంది. ముందు ముఖాన్ని చూసి మొత్తం ఎక్స్‌పోజర్ పెట్టండి, తరువాత హైలైట్స్ స్లైడర్‌ను కిందికి లాగండి, ఆ తరువాతే వైట్స్‌ను ముట్టుకోండి. ఆల్ట్ మీట పట్టుకుని వైట్స్ స్లైడర్‌ను కదిపితే తెర నల్లబడి, ఏ చానెల్ ఎక్కడ నిండిందో ఆ రంగు చుక్కల్లో చూపిస్తుంది. డబ్బు పెట్టకుండా పని చేసుకోవాలనుకునేవారికి డార్క్‌టేబుల్, రాథెరపీ ఉన్నాయి. రెండింటిలోనూ హైలైట్లను తిరిగి కట్టే సాధనం ఉంది.

తిరిగి కట్టడం అంటే ఏమిటో స్పష్టంగా అర్థం చేసుకోవాలి. ఒక్క చానెల్ నిండి మిగతా రెండూ మిగిలి ఉంటే, ఆ రెంటి ఆధారంతో సాఫ్ట్‌వేర్ మూడోదాన్ని ఊహిస్తుంది. తెల్లబట్టకు ఈ ఊహ బాగా కుదురుతుంది, ఎందుకంటే తెలుపులో మూడూ కలిసే పెరిగి కలిసే తగ్గుతాయి. ఎర్రంచుకు అంతగా కుదరదు. మూడూ నిండిన చోట ఏ సాఫ్ట్‌వేర్ అయినా చుట్టుపక్కల రంగు తెచ్చి అతుకు వేయడమే చేస్తుంది, నేతను తేలేదు.

కాపాడుకున్నామన్న సంతోషంలో హైలైట్స్ స్లైడర్‌ను చివరిదాకా లాగి వదిలేయడం ఇప్పుడు కనిపిస్తున్న కొత్త తప్పు. తెలుపు మాసిపోయి, నాలుగు రోజులు కట్టిన పంచెలా తయారవుతుంది. మధుపర్కంలో వెలుతురు నేరుగా పడే చోట అంకె 255లో 240 నుంచి 248 మధ్య ఉండాలి, మడత నీడ అంతకన్నా బాగా కిందికి దిగాలి. బట్ట మీద మాత్రమే మాస్క్ వేసి, హైలైట్స్ కొంత తగ్గించి, టెక్స్చర్ రవ్వంత పెంచితే పోగులు కనిపిస్తాయి, తెలుపు తెల్లగానే ఉంటుంది. టెక్స్చర్ ఎక్కువ పెంచితే నూలు కాస్తా గోనెపట్టా అవుతుంది.

ఫోన్‌తో తీసేవారికి

ఫోన్‌లో పని సులువు, అదుపు తక్కువ. బట్ట మీద వేలితో తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును నేత కనిపించేదాకా కిందికి జరపండి. హెచ్‌డీఆర్‌ను ఆపకండి. గూగుల్ తెచ్చిన హెచ్‌డీఆర్ ప్లస్ పద్ధతి కావాలనే తక్కువ ఎక్స్‌పోజర్‌తో వరసగా చాలా ఫ్రేములు తీసి, వాటిని కలిపి నీడల్లోని నాయిస్‌ను తగ్గిస్తుంది, మనం ఇంతసేపు చేత్తో చేసిన పని దాదాపు అదే. ప్రో మోడ్‌లో రా తీసే సౌకర్యం ఉన్న ఫోన్లలోనూ పెళ్లి తంతుకు మామూలు మోడ్ వాడటమే మేలు; ఒక్క ఫ్రేము రాకు ఈ కలిపే సాయం అన్ని ఫోన్లలో అందదు.

ఆల్బమ్‌కు పంపే ముందు

ప్రింటులో తెలుపు అంటే కాగితం తెలుపే, దానికన్నా తెల్లనిది అక్కడ లేదు. 255 అంకె పడిన చోట కాగితం ఉత్తగా మిగులుతుంది. తెర మీద 252, 253 దగ్గర కొద్దిగా కనిపించిన నేత కూడా చాలా ప్రింట్లలో కనబడకుండా పోతుంది, అందుకే 248 దాటనివ్వవద్దన్నాను. మొత్తం ఆల్బమ్ వేయించే ముందు మాంగళ్యధారణ, తలంబ్రాల పేజీలు రెండింటిని మాత్రం ల్యాబ్ చేత నమూనాగా వేయించి, ట్యూబ్‌లైటు కింద కాకుండా పగటిపూట కిటికీ పక్కన పెట్టి చూడండి. ఎర్రంచు పక్కనే ఉన్న తెలుపు మీద కళ్లు పెట్టండి, నేత పోతే ముందు అక్కడే పోతుంది. అక్కడ పోగులు కనిపించకపోతే ఆ ఫైలులో బట్ట మాస్క్‌ను పావు స్టాప్ దించి మళ్లీ వేయించండి. ఆల్బమ్ ఇంటివారి చేతికి చేరి, వాళ్లు చివరి పేజీ మూసేదాకా రా ఫైళ్లు ఉన్న కార్డును చెరిపేయకండి.